స్కాచా, బోర్బనా: తేడా పీపాలో ఉంది

డిసెంబరు దగ్గరపడితే చాలు, తెలిసినవారంతా నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: అమెరికా నుంచి బావమరిది వస్తున్నాడు, విమానాశ్రయంలో స్కాచ్ కొనమనాలా, లేక అక్కడి విస్కీ అయిన బోర్బన్ తెమ్మనాలా? మనిషికి రెండు లీటర్ల వరకే సుంకం లేకుండా తెచ్చుకునే వీలుంది కనుక, ఆ రెండు సీసాల గురించి పెళ్లి సంబంధానికి చేసినంత విచారణ జరుగుతుంది. మన దగ్గర స్కాచ్ అన్న మాట ఒక దేశపు సరుకు పేరుగా కాక ‘మేలురకం’ అన్న అర్థంలో వాడుకలో స్థిరపడిపోయింది కాబట్టి, బోర్బన్ తెచ్చిన అల్లుడు కాస్త తక్కువ చేశాడన్న భావం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. ఈ ఏడాది నేనూ అదే ఎంపిక చేసుకోవలసి వచ్చింది కాబట్టి, తోచింది వివరంగా రాస్తున్నాను.

స్కాచ్ స్కాట్లండ్‌లోనే తయారై అక్కడే కనీసం మూడేళ్లు ఓక్ పీపాల్లో ఉండాలని, బోర్బన్‌కు వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలని ఈ ప్రశ్న అడిగేవారికి తెలిసే ఉంటుంది. బోర్బన్ అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలోనే పుట్టాలన్న నియమం మాత్రం లేదు. అమెరికాలో ఎక్కడ తయారైనా ఆ పేరు పెట్టుకోవచ్చు, కాకపోతే అందులో అత్యధిక భాగం కెంటకీదే. చాలామంది ఇక్కడితో ఆగి, ఇది బార్లీకీ మొక్కజొన్నకూ మధ్య పోటీ అనుకుంటారు. ధాన్యానికి ప్రాధాన్యం లేదని అనను. అయితే నా లెక్కలో పీపా తరువాతే ధాన్యం.

వేసవి మొదట్లో కొత్త కుండ కొన్న ఇంట్లో మొదటి పది రోజుల నీళ్లు ఎలా ఉంటాయో తెలిసినవారికి బోర్బన్ సంగతి సగం తెలిసినట్టే. ఆ నీళ్లలో మట్టి వాసన నీటికన్నా ముందు తగులుతుంది. అదే కుండ రెండో వేసవికి నీళ్లను చల్లబరుస్తుందే తప్ప తన వాసనను పెద్దగా ఇవ్వదు. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్‌ను ప్రతిసారీ కొత్త ఓక్ పీపాలోనే, అదీ లోపలి గోడను నిప్పుతో మాడ్చిన పీపాలోనే పోయాలి. పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతానికి మించకూడదు. సాధారణంగా వాడే పీపా 53 గ్యాలన్లది, అంటే సుమారు 200 లీటర్లది. అమెరికన్ తెల్ల ఓక్‌తో చేస్తారు. మాడ్చడానికి పట్టే సమయం నిమిషంలోపే. బాగా గట్టిగా మాడ్చిన పీపా లోపలి భాగం మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగులుతుంది. ఆ బొగ్గు పొర సారాయిలోని గంధకపు ఘాటును కొంత పీల్చుకుంటుంది. దాని వెనుక నల్లబడకుండా ఎర్రగా వేగిన చెక్క పొర ఒకటి ఉంటుంది, అసలు రుచికి మూలం అదే: చెక్కలోని చక్కెరలు అక్కడ పాకం పట్టినట్టు ముదురుతాయి, లిగ్నిన్ అనే చెక్క పదార్థం విరిగి, వెనిలా వాసననిచ్చే వెనిలిన్ వస్తుంది. బోర్బన్ తాగినవారు బెల్లం పాకం, వెనిలా అంటూ చెప్పేదంతా ప్రధానంగా ఆ పొర నుంచి వచ్చిందే.

ఒకసారి బోర్బన్ పోసి తీసిన పీపాను మళ్లీ బోర్బన్‌కు వాడే వీలు లేదు. మద్యనిషేధం 1933లో ముగిశాక, ఆ దశాబ్దంలోనే ఈ కొత్త పీపా నియమం అమెరికాలో స్థిరపడింది. అప్పటి నుంచి ఖాళీ పీపాలు కుప్పలుగా మిగలడం, వాటిని స్కాట్లండ్ వారు కొనుక్కోవడం మొదలైంది. అంతకు ముందు వారు ఎక్కువగా నమ్ముకున్నవి స్పెయిన్ నుంచి షెర్రీ ద్రాక్షసారాతో వచ్చే పీపాలు. షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపాలన్న పద్ధతి 1980లలో వచ్చాక ఆ దారి సన్నబడింది. ఇవాళ స్కాట్లండ్ గోదాముల్లో ఉన్న పీపాల్లో అత్యధికం ఒకప్పుడు బోర్బన్ మోసినవే. స్కాచ్‌ను ఆకాశానికెత్తి బోర్బన్‌ను చిన్నచూపు చూసేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు: వారి గ్లాసులోని తేనె రంగులో, వెనిలా వాసనలో కొంత కెంటకీ అప్పు ఉంది.

స్కాట్లండ్‌లో ఆ పీపాను ఒక్కసారితో వదలరు. రెండు, మూడు విడతలు, ఒక్కోసారి కొన్ని దశాబ్దాల పాటు వాడతారు. శక్తి పోయిందనుకుంటే లోపల గీకి మళ్లీ కాలుస్తారు. ఒకసారి మరిగించిన టీపొడినే రెండోసారి మరిగించినట్టు, ప్రతి విడతకూ చెక్క గొంతు తగ్గుతూ వస్తుంది. చెక్క గొంతు తగ్గిన చోట బార్లీ, పులియబెట్టిన తీరు, చివరకు కాచే రాగి పాత్ర ఆకారం కూడా వినిపించడం మొదలవుతుంది. స్కాచ్ తయారీదారులైన గ్లెన్‌మోరాంజీ వారి పాత్రల మెడ అయిదు మీటర్లకు పైగా పొడవుంటుంది. తేలికైన ఆవిరే అంత ఎత్తుకు చేరుతుంది కనుక సారం పల్చగా, పూల వాసనతో ఉంటుంది. మెకాలన్ వారివి పొట్టి పాత్రలు, అందుచేత వారి సారం చిక్కగా, నూనె తగిలినట్టుగా ఉంటుంది. ఇలాంటి తేడాలు బోర్బన్‌లో లేవని కాదు. కొత్త పీపా వాటిమీద పరిచే తీపి దుప్పటి మందం ఎక్కువ, అంతే. నా మొగ్గు ఎటో పాఠకులకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

పీపాతో ముడిపడిన రెండో సంగతి వాతావరణం, దానివల్ల వచ్చే వయసు లెక్క. మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. సీసా మీద పన్నెండేళ్లని ఉంటే, ఆరేళ్ల సీసాకన్నా అది రెట్టింపు మేలైనదని అనుకుంటాం. కెంటకీ వేసవిలో ఎండ 30 డిగ్రీలు దాటుతుంది, చలికాలంలో నీళ్లు గడ్డకడతాయి. పైగా అక్కడి గోదాములు చాలావరకు అంతస్తులుగా కట్టిన రేకుల కొట్టాలు, వాటి పై అంతస్తులు కుంపట్లలా ఉడుకుతాయి. వేడికి సారాయి చెక్కలోకి చొచ్చుకుపోతుంది, చలికి వెనక్కి వస్తుంది, ఆ రాకపోకల్లో రుచిని తోడుకుంటుంది. స్కాట్లండ్‌లో ఏడాది పొడవునా చల్లదనం, తేమ. అక్కడ ఈ పని నత్తనడకన సాగుతుంది. ఏటా ఆవిరైపోయే భాగాన్ని ఆ వృత్తిలోవారు దేవదూతల వాటా అంటారు. స్కాట్లండ్‌లో అది రెండు శాతం దగ్గర ఉంటే, కెంటకీలో అంతకు రెట్టింపు దాకా పోతుంది. స్కాట్లండ్ తేమలో నీటికన్నా ఆల్కహాల్ ఎక్కువగా ఆవిరై ఏళ్లు గడిచేకొద్దీ సారాయి బలం తగ్గుతుంది. కెంటకీ పై అంతస్తుల పొడి వేడిలో నీరే ముందు పోయి బలం పెరుగుతుంది.

కాబట్టి ఆరు నుంచి పదేళ్ల మధ్య బోర్బన్ నా అనుభవంలో నిండు వయసులో ఉంటుంది. పదిహేను దాటినవాటిలో కొన్ని అద్భుతంగా ఉన్నా, చాలావాటిలో అతిగా మరిగిన డికాక్షన్ చేదు వస్తుంది. స్కాచ్‌కు పన్నెండేళ్లు మొదటి మెట్టు మాత్రమే. స్కాచ్ మీద రాసే వయసు అందులో కలిసిన అన్నిటికన్నా చిన్న సారాయిది కావాలన్నది నియమం, అంచేత బ్లెండ్ (పలు సారాయిల కలయిక) అయిన బ్లాక్ లేబుల్‌లోనూ పన్నెండేళ్లకు తక్కువది ఉండదు. వేడి ఎంత పని చేస్తుందో చూడాలంటే కెంటకీ దాకా పోనక్కరలేదు. బెంగళూరులోని అమృత్ సంస్థ పీపాల నుంచి ఏటా పది శాతానికి పైగా ఆవిరైపోతుంది, అందుకే అక్కడి సింగిల్ మాల్ట్ (ఒకే తయారీ కేంద్రంలో మొలకెత్తిన బార్లీతోనే చేసినది) నాలుగైదేళ్లకే పండుతుంది.

బోర్బన్‌కు నేను నిస్సంకోచంగా మార్కులు వేసే విషయం ఒకటుంది. స్కాచ్‌లో నీటితో పాటు కారమెల్ రంగును కలపడానికి 2009 నాటి బ్రిటన్ నిబంధనలు అనుమతిస్తాయి; ‘స్ట్రెయిట్’ అని లేబుల్ మీద ఉన్న (కనీసం రెండేళ్లు పీపాలో ఉన్న) బోర్బన్‌లో రంగు గానీ, రుచి పదార్థం గానీ కలపకూడదు. అంటే బోర్బన్ సీసాలో కనిపించే ఎరుపు అబద్ధం చెప్పదు. స్కాచ్ రంగును చూసి వయసును అంచనా వేయడం మాత్రం మోసపోవడానికి దగ్గరి దారి. లేబుల్ మీద ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అన్న మాట ఉంటే మరీ మంచిది. కల్తీ సారాయి బెడద ఎక్కువైన కాలంలో, 1897లో అమెరికా చేసిన చట్టం నుంచి వచ్చిన మాట అది: ఒకే తయారీదారు, ఒకే కాలంలో కాచినది, కనీసం నాలుగేళ్లు ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్న గోదాములో ఉన్నది, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్ ఉన్నది అని దాని అర్థం.

స్కాచ్ వైపున బోర్బన్‌కు అందని గుణం పొగ. చిత్తడి నేలల్లో నాచు, గడ్డి వేల ఏళ్లుగా పేరుకుని గడ్డకట్టిన పీట్‌ను కాల్చి, ఆ పొగలో మొలకెత్తిన బార్లీని ఆరబెడతారు. స్కాట్లండ్‌లోని ఐలా దీవికి చెందిన లాఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్, లాగవూలిన్ ఈ బాణీకి ప్రసిద్ధి. మొదటిసారి వాసన చూసినవారు ఆసుపత్రి వరండా గుర్తొచ్చిందంటారు, తప్పులేదు. రెండో సీసాకు అలవాటు పడినవారు మాత్రం మళ్లీ వెనక్కి రారు. అయితే స్కాచ్ అంతా పొగ వాసన వేస్తుందనుకోవడం పొరపాటు. స్కాట్లండ్‌లోనే ఉన్న స్పేసైడ్ ప్రాంతపు మాల్ట్‌లలో చాలావాటికి పొగ సోకదు.

ధాన్యాల విషయం క్లుప్తంగా. బోర్బన్‌లో మొక్కజొన్న తరువాతి వంతు రై ధాన్యానిదైతే మిరియం లాంటి చురుకు వస్తుంది, ఫోర్ రోజెస్ అలాంటిది. గోధుమదైతే మెత్తగా ఉంటుంది, మేకర్స్ మార్క్ అలాంటిది. జాక్ డేనియల్స్‌ను బోర్బన్ అనుకుని అడిగేవారికి: దాన్ని పీపాలో పోసేముందు మేపుల్ బొగ్గుల గుండా వడకడతారు, తయారీదారులే దాన్ని టెన్నెసీ విస్కీ అంటారు. ఐరిష్ విస్కీ నున్నగా ఉంటుంది, తొలిసారి తాగేవారికి సులువు. జపాన్‌ది స్కాట్లండ్ పద్ధతిలోనే నడుస్తుంది, ధర మాత్రం నడవదు, పరిగెత్తుతుంది.

ఇక మన అంగళ్ల సంగతి. భారత్ 2022లో ఫ్రాన్స్‌ను దాటి, పరిమాణం లెక్కన స్కాచ్‌ను అత్యధికంగా దిగుమతి చేసుకున్న దేశమైంది. అందులో చాలా భాగం పెద్ద ట్యాంకుల్లో వచ్చి ఇక్కడే సీసాల్లోకి చేరుతుంది. 2025 ఫిబ్రవరిలో బోర్బన్‌పై దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించారు. అదే ఏడాది జూలైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందం స్కాచ్‌పై సుంకాన్ని 150 నుంచి మొదట 75కు, పదేళ్లలో 40కి దించాలని చెబుతుంది. అయితే రాష్ట్రాల పన్నులు వేరే ఉంటాయి కనుక, హైదరాబాదులోనో విజయవాడలోనో సీసా ధర అదే నిష్పత్తిలో పడిపోతుందని ఆశ పెట్టుకోకూడదు. గమనించవలసింది మరొకటి. పేరున్న స్కాచ్‌లు మన దగ్గర ఏ పెద్ద దుకాణంలోనైనా దొరుకుతాయి. బోర్బన్ అరలో తరచూ కనిపించేది ఒకటి రెండు పేర్లే.

తాగే తీరును బట్టి కూడా ఎంపిక మారుతుంది. మనవాళ్ల విందుల్లో గ్లాసు నిండా ఐసు, సోడా, పక్కన కారం దట్టించిన చికెన్ వేపుడు ఉంటాయి. ఆ పోరులో నిలిచేది బోర్బన్: కొత్త పీపా ఇచ్చిన తీపి చల్లదనానికి వెంటనే ముడుచుకోదు, కారానికి జోడీగా కూడా కుదురుతుంది. నాలుగు వేల రూపాయలకు పైబడి పోసి కొన్న సింగిల్ మాల్ట్‌ను అదే గ్లాసులో వేస్తే, ఐసు చలికి దాని వాసనలన్నీ మూతపడి డబ్బు వృథా అవుతుంది. దానికి గది చల్లదనంలో ఉన్న నీళ్లు చెంచాడు కలిపి, అరగంట సేపు ఒకే గ్లాసుతో కూర్చోగల ఓపిక కావాలి. ఆ ఓపిక ఉన్న సాయంత్రాలే నాకు ఇష్టం.

అయినా డాలస్‌లో ఉన్న మా మేనల్లుడికి నేను స్కాచ్ తెమ్మనలేదు. అమెరికాలో ఒక మోస్తరు ధరకే దొరికి ఇక్కడ కంటికి కనిపించని ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ బోర్బన్ ఒకటి, రై ధాన్యం వంతు ఎక్కువున్నది మరొకటి తెమ్మన్నాను. స్కాచ్ ఎప్పటిలాగే ఇక్కడే కొన్నాను, బోర్బన్ పీపాల్లో పండిన గ్లెన్‌మోరాంజీ. మూడింటినీ పక్కపక్కన పెట్టి, మొదట బోర్బన్, తరువాత స్కాచ్ వాసన చూస్తే, ఒకే చెక్క మొదటి విడతలో ఎంత గట్టిగా మాట్లాడిందో, రెండో విడతలో ఎంత నెమ్మదించిందో ముక్కుకే తెలుస్తుంది. ఈ సంక్రాంతికి వచ్చే చుట్టాలకు అదే వరసలో పోయాలని అనుకుంటున్నాను.