చందమామను గుడ్డు చేసిన డాక్టర్ హూ

1963 నవంబరు 23న బీబీసీలో మొదలై, 1989లో ఆగిపోయి, 2005లో మళ్ళీ లేచిన సైన్స్ ఫిక్షన్ సీరియల్ డాక్టర్ హూ. ఇన్నేళ్ళ పంటలో తాలు ఉండకుండా ఎలా ఉంటుంది? నాసిరకం ఎపిసోడ్లు చాలానే చూశాను, నవ్వుకుని తర్వాతదానికి వెళ్ళిపోయాను. ‘కిల్ ద మూన్’ మీద మాత్రం కోపం ఇంకా పోలేదు. సగం దాకా బ్రహ్మాండంగా నడిచి, ఆ తర్వాత తను వేసిన ప్రశ్నకి తనే భయపడి పారిపోయిన ఎపిసోడ్ ఇది.

ప్రసారమైంది 2014 అక్టోబరు 4న. రాసింది పీటర్ హార్నెస్, తీసింది పాల్ విల్మ్స్‌హర్స్ట్. కాలంలో తిరిగే గ్రహాంతరవాసి డాక్టర్‌గా పీటర్ కపాల్డి, అతనితో తిరిగే టీచరమ్మ క్లారాగా జెన్నా కోల్‌మన్. కథంతా చెప్పేస్తున్నాను, చూడాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగండి.

2049. చంద్రుడి బరువు ఉన్నట్టుండి 130 కోట్ల టన్నులు పెరిగింది. భూమ్మీద సముద్రాలు పొంగి ఊళ్ళు మునిగిపోయాయి. మనుషులు అంతరిక్షం మీద ఆశ వదిలేసుకుని చాలా కాలమైంది. మ్యూజియంలో పడున్న పాత స్పేస్ షటిల్‌ని బయటికి తీసి, నూరు అణుబాంబులు ఎక్కించి, వయసుడిగిన ముగ్గురు వ్యోమగాములని పంపారు. (ఈ ఎపిసోడ్ రావడానికి సరిగ్గా పది రోజుల ముందే, 2014 సెప్టెంబరు 24న, శ్రీహరికోట నుంచి వెళ్ళిన మంగళయాన్ అంగారకుడి కక్ష్యలో చేరింది. ఆ వారంలో ఇది చూసినవాళ్ళకి ఎలా అనిపించిందో!) డాక్టరూ, క్లారా, ఆమె బళ్ళో చదివే కోర్ట్నీ అనే పిల్లా ఆ షటిల్‌లోనే దిగుతారు.

ఇక్కడి నుంచి ఇరవై నిమిషాలు వంక పెట్టడానికి లేదు. లాంజరోటే ద్వీపంలో అగ్నిపర్వతాల నేల మీద తీశారు. ఆ నల్లటి మట్టి, పైన చీకటి ఆకాశం చూస్తే నిజంగా చంద్రుడి మీద ఉన్నట్టే ఉంటుంది. గురుత్వాకర్షణ పెరిగిందని డాక్టర్ యోయో ఆడించి తేలుస్తాడు. 1975లో టామ్ బేకర్ అనే నటుడు డాక్టర్ వేషం వేసినప్పుడు కూడా యోయోతోనే ఈ పరీక్ష చేశాడు కాబట్టి పాత అభిమానులకి అదో ముచ్చట. బూజు పట్టిన మెక్సికన్ స్థావరం, ఎండిపోయిన శవాలు, ఎర్రటి సాలీళ్ళు. ఇంట్లో గట్లు తుడిచే స్ప్రే కొట్టి కోర్ట్నీ ఒకదాన్ని చంపుతుంది, ఎందుకంటే అవి సాలీళ్ళు కావు, సూక్ష్మక్రిములు. పిల్లిపిల్లంత క్రిమి ఏమిటని అడగబుద్ధి కాలేదు. భయం బాగా పనిచేస్తున్నప్పుడు ఎవరు అడుగుతారు?

అప్పుడు డాక్టర్ చెప్తాడు: చంద్రుడు ఒక గుడ్డు. పది కోట్ల ఏళ్ళుగా లోపల పిల్ల పెరుగుతోంది, ఇప్పుడు పొదగడం పూర్తయింది.

నాది హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని తీసే చోట, ఉద్యోగం. ఈ ఎపిసోడ్ పెట్టింది మా అన్నయ్య కొడుకు. “బాబాయ్, ఇది నీ కోసమే తీశారు” అన్నాడు వెధవ, నవ్వాపుకుంటూ. పొదిగే గుడ్డు బరువు పెరగదురా నాయనా, తగ్గుతుంది. పెంకుకున్న సన్నటి రంధ్రాల్లోంచి తేమ బయటికి పోతూనే ఉంటుంది. గుడ్లు పొదిగే యంత్రం సెట్టర్‌లో పెట్టే రోజు ట్రేలు తూస్తాం, పద్దెనిమిదో రోజు పిల్లలు బయటికొచ్చే హేచర్‌లోకి మార్చేటప్పుడు మళ్ళీ తూస్తాం. 12 శాతం అటూ ఇటుగా తగ్గితే తేమ సరిపోయిందని లెక్క. పిల్లకి కావలసిన మేతంతా మొదటి రోజే లోపల ఉంటుంది, బయటి నుంచి గింజ కూడా చేరదు. మరి ఆ 130 కోట్ల టన్నులు ఎక్కడి నుంచి వచ్చాయి? పోనీ, వచ్చాయనే అనుకుందాం. చంద్రుడి అసలు బరువు ముందు అది సుమారు 5,600 కోట్ల వంతుల్లో ఒక వంతు. దానికి సముద్రం పొంగడం మాట అటుంచి, ఆటుపోట్లలో తేడా కనిపెట్టడమే కష్టం.

అయినా ఇది డాక్టర్ హూ. టార్డిస్ అనే పోలీసు పెట్టెలో కాలప్రయాణం చేసేవాడి దగ్గర కూర్చుని తూకం లెక్కలు తీయడం న్యాయం కాదని సర్దిచెప్పుకున్నాను. నన్ను దెబ్బతీసింది ఆ తర్వాత జరిగింది.

బాంబులు పేల్చి పిల్లని చంపాలా, లేక పెంకు ముక్కలు భూమ్మీద పడితే పడనీ అని బతకనివ్వాలా? డాక్టర్ ఇది మీ భూమి, మీ చంద్రుడు, మీరే తేల్చుకోండని వెళ్ళిపోతాడు. మిగిలింది క్లారా, కోర్ట్నీ, హెర్మియోనీ నోరిస్ వేసిన లండ్విక్ అనే వ్యోమగామి. ముగ్గురు ఆడవాళ్ళు, ఇంకా పుట్టని ఒక ప్రాణి. గర్భస్రావం వాదనే ఇదని చాలామంది చూశారు, చూడకుండా ఉండడమూ కష్టమే. క్లారా భూమికంతటికీ కబురు పంపుతుంది: చంపమంటే దీపాలు ఆర్పండి, వద్దంటే వెలిగించి ఉంచండి.

ఎంత మంచి ఆలోచన! ఎంత పాడుచేశారు! చంద్రుడి మీద నుంచి చూస్తే దీపాలు కనిపించేది రాత్రి ఉన్న వైపే, పగలున్న వైపు జనానికి ఓటే లేదు. ఉన్న వైపైనా మీటలు నొక్కింది జనమా, సబ్‌స్టేషన్‌లో కూర్చున్నవాళ్ళా? మా ఊళ్ళో ఆ రాత్రి కరెంటు పోతే మేమంతా చంపమన్నట్టే లెక్క. సరే, దీపాలన్నీ ఆరిపోయాయి. భూమి చంపమంది. ఆఖరి క్షణంలో క్లారా ఆ తీర్పు పక్కన పెట్టేసి బాంబులు ఆపేసింది.

అసలు కథ ఇక్కడ మొదలవ్వాలి. కోట్ల మందిని అడిగి, వాళ్ళ మాట కాదన్న మనిషి ఇప్పుడు ఏం మోయాలి? ఏమీ మోయనక్కరలేదట. పెంకులు ఎవరి నెత్తినా పడలేదు. పిల్ల బయటికొచ్చి, రెక్కలు విప్పి, వెంటనే తను వచ్చిన గుడ్డంత గుడ్డు ఇంకోటి పెట్టేసింది. (మా పెట్టలు గుడ్డుకి రావాలంటే పద్దెనిమిది వారాలు దాటాలి, అదీ ఒంట్లో పాతిక ముప్పయ్యో వంతు గుడ్డు.) కొత్త చందమామ రెడీ. పైగా అది చూసిన మనుషులకి మళ్ళీ అంతరిక్షం మీద మోజు పుట్టిందని డాక్టర్ వచ్చి చెప్తాడు. కష్టమైన ప్రశ్న వేసి, ఏ జవాబు చెప్పినా నష్టం లేకుండా చేస్తే అది ప్రశ్నెలా అవుతుంది? చంపేయాలన్న లండ్విక్ మాటే సబబు, భూమ్మీది ప్రాణాలు పందెం కాసే హక్కు ఎవరికీ లేదు. ఆమె చివరికి థాంక్స్ చెప్పి ఊరుకోవాల్సి రావడం నాకు మింగుడుపడలేదు.

ఆ తర్వాత టార్డిస్‌లో అయిదు నిమిషాలు ఉంది చూడండి, అది వేరే ఎపిసోడ్‌లోంచి తెచ్చి అతికించినట్టుంటుంది. నిన్ను గౌరవించే వదిలి వెళ్ళానంటాడు డాక్టర్. అది గౌరవం కాదని, తను దాదాపు తప్పు చేయబోయానని, ఇక వెళ్ళిపొమ్మని ఏడుస్తూ అరుస్తుంది క్లారా. జెన్నా కోల్‌మన్ ఈ సీరియల్‌లో చేసిన మంచి సీన్లలో అదొకటి. కపాల్డి ముఖంలో, ఈమెకి ఎందుకు కోపం వచ్చిందో అర్థం కాని అయోమయం అచ్చంగా ఉంటుంది. ఆ అయిదు నిమిషాల కోసం అయిదుకి రెండు ఇస్తున్నాను, లేకపోతే ఒకటే.

తర్వాత వచ్చే ‘మమ్మీ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ చాలా బాగుంటుంది, అయితే ఈ గొడవ తెలియకపోతే అందులో వాళ్ళిద్దరి మధ్య ఉన్న ముభావం అర్థం కాదు. కాబట్టి సాలీళ్ళ దాకా చూడండి, గుడ్డు అన్న మాట వినపడగానే ముందుకి జరిపి టార్డిస్ గొడవ దగ్గర ఆపుకోండి.