స్విఫ్ట్ పెట్టెలు నాలుగేళ్లు వాడాక: గూళ్లు కట్టాయి, కానీ లోపల కాదు

పర్లాకిమిడిలో మాది తాతల నాటి పెంకుటిల్లు. వీధి చూరు కింద స్విఫ్ట్ పిట్టలు గుత్తులు గుత్తులుగా గూళ్లు కట్టుకునేవి. నడుం మీద తెల్ల పట్టీ ఉండే మన రకమే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పెంకులు లేచిపోతే స్లాబ్ వేయించి, పైన ఇంకో అంతస్తు కట్టాం, దాంతో గూళ్లూ పోయాయి. సాయంత్రం పూట అవి పాత చూరున్న చోటికి దూసుకొచ్చి, పట్టుకోడానికేం దొరక్క తిరిగిపోతుంటే అమ్మ చూడలేకపోయేది. అందుకే 2021లో ఆన్‌లైన్‌లో స్విఫ్ట్‌లు లోపల గూడు పెట్టుకునేందుకని అమ్మే చెక్క పెట్టెలు మూడు తెప్పించి పై అంతస్తు సజ్జ కింద బిగించాను.

నా కోపమంతా ఆ పెట్టె ద్వారం మీదే. అడుగున అడ్డంగా కోసిన సన్నటి సందు, 28 మిల్లీమీటర్ల ఎత్తు. అది యూరప్‌లో గోడ కన్నాల్లో దూరి గుడ్లు పెట్టే స్విఫ్ట్‌కి సరిపోయే కొలత. మనవి ఎక్కువగా సజ్జ కిందో ఆర్చి కిందో మూల చూసుకుని, గాల్లో ఏరుకున్న ఈకలూ గడ్డిపోచలూ ఎంగిలితో అతికించి సొంతంగా కట్టుకుంటాయి, అదీ పక్క గూటికి ఆనించి. పిట్టల్ని పిలవడానికని పెట్టెలతో ఇచ్చిన కూతల రికార్డింగ్ కూడా ఆ యూరప్ రకానిదే, రోజూ వినిపించినా మావి ఇటు తొంగి చూడలేదు. మొదటి ఏడాదే పిచ్చుకలు చేరాయి, ఆ సంబరంలో టెక్కలిలో ఉన్న మా బావ చేత కూడా కొనిపించాను. పిచ్చుకలొచ్చినందుకు ఇప్పటికీ సంతోషమే, కానీ వాటికైతే ఇంత ఖర్చు అక్కర్లేదు.

రెండో వానాకాలానికి ప్లైవుడ్ ఉబ్బి ఒక పెట్టె మూత ఊడింది. మా వడ్రంగి పెట్టెలు జారకుండా కింద ఒక మామిడి పలక గోడకి కొట్టాడు, చిత్రిక పట్టలేదు, రంగు వేయలేదు. ఆలోగా ఊళ్లో ఒక పాత మేడ వరండాలో మన స్విఫ్ట్‌ల కూతలు ఫోన్‌లో రికార్డు చేసి, అవి వినిపించడం మొదలుపెట్టాను. వారం తిరక్కుండా గోడ వెంట చక్కర్లు! తర్వాత ఒక పొద్దున పాలబ్బాయి, "బాబూ, మీ పెట్టి కింద ఏటో ఈకలంటుకున్నాయండి" అన్నాడు. నిచ్చెనేసి చూస్తే పలకా గోడా కలిసే మూలలో అరచేతంత గూడు, కోడీకలు, గడ్డి, మధ్యమధ్య ఎండిన గంజిలా మెరిసే ఎంగిలి. ఎంతసేపు చూశానో నాకే తెలీదు. ఇప్పుడక్కడ నాలుగు గూళ్లున్నాయి.

కొనమంటారా అంటే, మా సజ్జ 18 అడుగుల ఎత్తు, ఎదురుగా చెట్టూ కరెంటు తీగా లేవు, గూడు వదలగానే కిందికి జారి ఎగరడానికి చోటుంది, పైగా ఇవి ముందు నుంచీ మా ఇంటికి అలవాటు పడ్డవి. ఇవేవీ లేని ఇంటి సంగతి నేను చెప్పలేను. నేనైతే మళ్లీ పెట్టెలు కొనను, గరుకు పలక ఒకటి కొట్టిస్తాను, బావకీ ఫోన్ చేసి అదే చెప్పాను. మొన్న ఉగాదికి ఇంటికి రంగులు వేయించాం, ఆ సజ్జ కింద మాత్రం అమ్మ బ్రష్ పెట్టనివ్వలేదు.