పాస్టన్ వాళ్ళ భూముల వెంట ఎనిమిది రోజులు

మా తాతగారు తెనాలిలో దస్తావేజు లేఖరి. ఏ పొలం కాగితాలు ఎవరు తెచ్చినా ఆయన ముందుగా అడిగేది ఒకటే: "కాగితం సరేనయ్యా, స్వాధీనం ఎవరిది?" ఇంగ్లండులోని నార్ఫక్ ప్రాంతానికి చెందిన పాస్టన్ కుటుంబం ఉత్తరాలు చదువుతున్నప్పుడు ఆ మాట పదేపదే గుర్తొచ్చింది. 1419లో చనిపోయిన క్లెమెంట్ పాస్టన్ నాగలి పట్టిన మామూలు రైతు అని వాళ్ళ శత్రువులు రాసిపెట్టారు. ఆయన కొడుకు విలియం 1429లో రాజుగారి కోర్టులో జడ్జి అయ్యాడు. మనవడు జాన్ కాలానికి ఒక కోట కోసం డ్యూకులతో తలపడే స్థితికి వచ్చారు. ఆ కుటుంబం ఉత్తరాలు, కాగితాలు వెయ్యికి పైగా మిగిలాయి. ఆ భూములు ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చాయో రికార్డుల్లో చూసి, తర్వాత ఆ నేల మీద నిలబడి చూడాలని జూన్‌లో ఎనిమిది రోజులు పెట్టుకుని బయలుదేరాను.

లండన్‌లో మూడు రాత్రులు ఈస్ట్ హామ్‌లో ఉన్నాను. ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్ ఉన్న క్యూ ప్రాంతంలో గదులు నా బడ్జెట్‌కు అందలేదు. ఈస్ట్ హామ్ నుంచి డిస్ట్రిక్ట్ లైన్‌లో రిచ్‌మండ్ వెళ్ళే రైలెక్కితే మారకుండా క్యూ గార్డెన్స్ స్టేషన్‌లో దిగొచ్చు. గంటకు పైగా పడుతుంది, కానీ సాయంత్రం తిరిగొచ్చాక వేడి వేడి దోసె దొరుకుతుంది. రోజంతా లాటిన్ అక్షరాలతో కుస్తీ పట్టినవాడికి ఆ దోసె విలువ తెలుస్తుంది.

నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రవేశం ఉచితం. ఆది, సోమవారాలు సెలవు. అసలు పత్రాలు చూడాలంటే రీడర్స్ టికెట్ తీసుకోవాలి. దానికి పేరుకొకటి, చిరునామాకొకటి గుర్తింపు కాగితాలు కావాలి. పెన్ను తీసుకెళ్ళనివ్వరు, పెన్సిలే. బ్యాగు లాకర్లో పెట్టి, కావలసినవి పారదర్శకమైన కవర్లో వేసుకుని లోపలికి వెళ్ళాలి. సొంత ఫోనుతో ఫొటోలు తీసుకోవచ్చు, రుసుము లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడిపోయిన నన్ను అక్కడి సిబ్బంది పక్కన కూర్చోబెట్టుకుని, ఆరవ హెన్రీ కాలపు నార్ఫక్ పత్రాల నంబర్లు కేటలాగులో ఎలా పట్టుకోవాలో చూపించారు. మన దగ్గర ఒక పాత ఈసీ కోసం ఎన్నిసార్లు తిరగాలో తెలిసినవాణ్ణి కాబట్టి ఆ ఓపిక నాకు చాలా గొప్పగా అనిపించింది.

అక్కడ నేను ఎక్కువసేపు చూసినవి ‘ఫీట్ ఆఫ్ ఫైన్స్’. భూమి కొనేవాడు అమ్మేవాడి మీద కోర్టులో దావా వేసినట్టు చూపించి, రాజీ పడినట్టు రాయించుకునేవారు. ఆ రాజీనే ‘ఫైన్’ అంటారు. ఒకే తోలు మీద ఆ రాజీని మూడుసార్లు రాసేవారు: రెండు పక్కపక్కన, మూడోది అడుగున. తర్వాత వంకర గీత వెంట కోసి చెరో ముక్క ఇచ్చి, అడుగు ముక్కను కోర్టు దాచుకునేది. ఎవరైనా దొంగ కాగితం తెస్తే ఆ వంకర అంచు అతకదు. 1195 నుంచి ఆ అడుగు ముక్కలు దాచి ఉంచారు. అరచేతి వెడల్పున్న తోలు ముక్కను పట్టుకుని ఆ అంచు మీద వేలు ఆనించినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

కానీ ఇక్కడే కొత్తవాళ్ళు పొరపడతారు. విలియం పాస్టన్ పేరు ఇలాంటి పత్రాల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. అవన్నీ ఆయన ఆస్తులు కావు. ఆయన లాయరు కాబట్టి ఇతరుల భూములకు ధర్మకర్తగా పత్రంలో పేరు చేరేది. ఆ కాలంలో భూస్వాములు తమ భూమిని నమ్మకస్తుల పేరున పెట్టి అనుభవం తమ దగ్గర ఉంచుకునేవారు. దానికి కారణం ఉంది. రాజు నుంచి నేరుగా భూమి పొందినవాడు చనిపోతే ప్రభుత్వ అధికారి స్థానికులతో జ్యూరీ వేసి, ఏ భూమి ఉంది, ఎంత విలువ, వారసుడెవరు, వయసెంత అని విచారణ జరిపేవాడు. వారసుడు మైనరైతే ఆ భూమి ఆదాయం వాడు పెద్దయ్యేదాకా రాజుకే పోయేది. ధర్మకర్తల పేరున ఉంటే ఆ బెడద తప్పుతుంది. అందుకే ఈ విచారణ పత్రాలను మాత్రమే నమ్ముకుంటే కుటుంబానికి నిజంగా ఎంత భూమి ఉందో తెలియదు.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. సంవత్సరం అంకెలో ఉండదు, ‘ఆరవ హెన్రీ పాలనలో 38వ ఏడు’ అని ఉంటుంది. అది 1459 సెప్టెంబరు 1న మొదలవుతుంది. ఒక పట్టిక రాసుకుని వెళ్ళండి. క్యూ దాకా రాలేనివాళ్ళకు హ్యూస్టన్ విశ్వవిద్యాలయం వారు ఈ ఫైన్ల ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. నేను వెళ్ళేముందు రెండు నెలలు వాటి మీదే చదవడం సాధన చేశాను. ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, వాటిని అచ్చులో చదువుకుని వెళ్తే చాలు.

లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి నారిచ్‌కు రైల్లో దాదాపు రెండు గంటలు. నన్నడిగితే ఈ యాత్రకు మకాం నారిచ్‌లోనే పెట్టాలి. కెథడ్రల్‌కు నడిచి వెళ్ళగలిగే దూరంలో పాత ఇంట్లో గది దొరికింది, రాత్రికి 75 పౌండ్లు. మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు, కానీ గది శుభ్రంగా ఉంది. శాకాహారినని చెబితే ఇంటావిడ రెండో రోజు నుంచి అడగకుండానే పుట్టగొడుగులు, టమాటాలు వేయించి పెట్టింది. ఎల్మ్ హిల్ అనే రాళ్ళు పరిచిన వీధిలో పాస్టన్‌ల ఇల్లుండేది. ఆ వీధి పైచివర సెయింట్ పీటర్ హంగేట్ చర్చి ఉంది. జాన్, అతని భార్య మార్గరెట్ 1458 ప్రాంతంలో దాన్ని తిరిగి కట్టించారు. నార్ఫక్ రికార్డు ఆఫీసు ఊరి అంచున కౌంటీ హాల్ పక్కన ఉంది, ఉచితమే. 1994 ఆగస్టులో సెంట్రల్ లైబ్రరీ కాలిపోయినప్పుడు దాని కింది అంతస్తులో ఉన్న ఈ రికార్డులు దాదాపు అన్నీ బతికాయి. క్యూలోని ఆర్కైవ్స్‌లో కంటే ఇక్కడ జనం తక్కువ, కాబట్టి సిబ్బందితో మాట్లాడటానికి సమయం దొరుకుతుంది.

నారిచ్ గదిలో కూర్చుని నేను రాసుకున్న నోట్సులో రెండు మరణాలు పక్కపక్కన పడ్డాయి. 1444లో జడ్జి విలియం చనిపోయేముందు, వీలునామాలో చిన్న కొడుకులకు రాసింది తక్కువని, ఇంకా ఇవ్వాలని నోటిమాటగా చెప్పాడని భార్య ఆగ్నెస్ చెప్పింది. పెద్దకొడుకు జాన్ ఒప్పుకోలేదు. పదిహేనేళ్ళ తర్వాత, 1459 నవంబరులో, పిల్లలు లేని సంపన్న యోధుడు సర్ జాన్ ఫాస్టాల్ఫ్ కేస్టర్ కోటలో చనిపోయాడు. చివరి రోజుల్లో నోటిమాటగా తన నార్ఫక్, సఫక్ భూములన్నీ నాకే ఇచ్చాడని అదే జాన్ అన్నాడు. తండ్రి నోటిమాట చెల్లదన్న మనిషే ఫాస్టాల్ఫ్ నోటిమాట మీద ఒక కోటను అడిగాడు. అతను 1466లో చనిపోయేదాకా, ఆ తర్వాత పదేళ్ళు కొడుకుల కాలంలోనూ ఆ తగాదా తెగలేదు. తండ్రి పేరే ఉన్న జాన్ తమ్ముడు విలియం వాటా తగాదా కూడా తర్వాత తరం దాకా పాకింది. బాబాయిల తగాదాలు చూసిన మన ఇళ్ళలో ఎవరికీ దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

భూమిని నిజంగా కాపాడింది మార్గరెట్. గ్రెషమ్ అనే ఊళ్ళోని ఇంటిని లార్డ్ మోలీన్స్ ఆక్రమించినప్పుడు ఆమె భర్తకు రాసిన ఉత్తరంలో విల్లు యంత్రాలు, బాణాలు పంపమంది. అదే ఉత్తరంలో ఒక పౌను బాదంపప్పు, ఒక పౌను చక్కెర, పిల్లల బట్టలకు గుడ్డ కూడా అడిగింది. 1450 జనవరిలో మోలీన్స్ మనుషులు ఆమె ఉన్న గది గోడ కింద తవ్వి, ఆమెను మోసుకుని బయట పడేశారు. వచ్చినవాళ్ళు వెయ్యిమంది అని జాన్ పిటిషన్‌లో రాసుకున్నాడు, ఇంట్లో ఉన్నది ఆమెతో పాటు పన్నెండుమంది.

కేస్టర్ కోసం గ్రేట్ యార్మత్‌లో రెండు రాత్రులు ఉన్నాను. ఇది నా పొరపాటు. సముద్రం ఎదురుగా ఉన్న ఒక గెస్ట్‌హౌస్‌లో గోడలు చెమ్మ పట్టి ఉన్నాయి, కింది బార్‌లో అర్ధరాత్రి దాకా పాటలు. గది మార్చమంటే రేపు చూద్దామన్నారు, ఆ రేపు రాలేదు. నారిచ్ నుంచి యార్మత్‌కు రైల్లో అరగంటకు కాస్త పైన, కాబట్టి పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయడం మేలు. కేస్టర్ కోట ఆవరణలో ఇప్పుడు కార్ల మ్యూజియం ఉంది. వేసవి నెలల్లోనే తెరుస్తారు, శనివారం మూసి ఉంటుంది.

ఇటుకతో కట్టిన ఆ కోటలో దాదాపు 90 అడుగుల బురుజు, చుట్టూ కందకం మిగిలాయి. కార్లు నేను చూడలేదు, నేరుగా బురుజు ఎక్కాను. 1469 ఆగస్టులో నార్ఫక్ డ్యూకు సైన్యం ముట్టడించినప్పుడు లోపల ముప్పై మంది కూడా లేరు. వాళ్ళకు నాయకుడు జాన్ పాస్టన్ రెండో కొడుకు. అతని పేరూ జానే, అన్న పేరూ జానే. అన్న లండన్‌లో ఉన్నాడు. కోటలో పోరాడుతున్న డాబెనీ చనిపోయాడని, తుపాకి మందు, బాణాలు అయిపోతున్నాయని తల్లి మార్గరెట్ పెద్దకొడుక్కి ఉత్తరం రాసింది. సెప్టెంబరు చివర్లో కోట పోయింది. 1476 జనవరిలో డ్యూకు హఠాత్తుగా చనిపోయాకే అది పాస్టన్‌ల చేతికి తిరిగి వచ్చింది. ఫాస్టాల్ఫ్ భూముల్లో మరికొన్ని రాజీలో ఆక్స్‌ఫర్డ్‌లోని మాడ్లెన్ కాలేజీకి పోయాయి. ఆయన కాగితాలు ఇప్పటికీ ఆ కాలేజీలో ఉన్నాయి. ఈసారి అక్కడికి వెళ్ళలేకపోయాను.

పాస్టన్ ఊరికి నారిచ్ నుంచి రైల్లో నార్త్ వాల్షమ్ దాకా వెళ్ళి, బస్సు తప్పిపోతే టాక్సీ తీసుకున్నాను. రెల్లు కప్పు వేసిన చర్చి, 1581లో కట్టిన పెద్ద ధాన్యపు కొట్టం ఉన్నాయి. కొట్టంలో అరుదైన గబ్బిలాలు ఉంటాయి కాబట్టి లోపలికి వెళ్ళనివ్వరు. ఊరి కోసమే రావాలనుకునేవాళ్ళకు గంట సరిపోతుంది.

చివరి రోజు మాట్బీ వెళ్ళాను, కేస్టర్‌కు కొన్ని మైళ్ళ దూరం. టాక్సీని నలభై నిమిషాలు ఆపుకున్నాను. మాట్బీ మార్గరెట్ పుట్టింటి ఊరు, తండ్రికి ఒక్కతే సంతానం కాబట్టి ఆ భూమి ఆమెకు వచ్చింది. భర్తను బ్రోమ్‌హోమ్ మఠంలో పాతిపెట్టారు. ఆయన అంత్యక్రియల ప్రార్థనలో కాగడాల పొగ బయటికి పోవడానికి చర్చి కిటికీ అద్దాలు తీయించిన ఖర్చు కూడా లెక్కల్లో ఉంది. మార్గరెట్ మాత్రం 1482 వీలునామాలో తనను మాట్బీ చర్చిలో, తన పూర్వీకుల దగ్గర పెట్టమని రాసింది. రాతి మీద మధ్యలో మాట్బీ వంశపు గుర్తు ఒక్కటే ఉండాలంది. ఆమె సమాధి ఉన్న దక్షిణపు వసారా ఇప్పుడు లేదు, రాయి కూడా లేదు. అక్కడ గడ్డి ఉంది. ఆ గడ్డి పక్కన చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డాను.