రక్షిత గడ్డిమైదానాల గడ్డి బ్రికెట్లు: ఒక చలికాలం అంతా వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఈ గడ్డి బ్రికెట్లు (ఎండు గడ్డిని గట్టిగా నొక్కి చేసిన దిమ్మలు) కట్టెల్లాగే ఉంటాయనుకుని కొనకండి. మొదటి మూట తెచ్చి మామూలు కట్టెల స్టవ్‌లో వేశా, బాగానే అంటుకుంది, వేడి కూడా బాగానే వచ్చింది (ఎండు గడ్డి కిలోకి 17, 18 మెగాజౌల్స్ ఇస్తుంది, కట్టె కంటే కాస్త తక్కువంతే), కానీ రెండో రోజుకే బూడిద కరిగి, మంట కింద ఉండే ఇనుప జాలీ, అంటే గ్రేట్‌కి రాయిలా అతుక్కుపోయింది, గీకలేక చేతులు నొప్పెట్టాయి. గడ్డిలో పొటాషియం ఎక్కువ కాబట్టి బూడిద తక్కువ వేడికే కరుగుతుంది, క్లోరిన్ ఏమో లోపలి ఇనుముని తినేస్తుంది. పైగా మంచి కట్టె పెల్లెట్లలో (కట్టె పొట్టుని నొక్కి చేసే చిన్న గుళికల్లో) బూడిద 1 శాతం కూడా ఉండదు, ఇందులో 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. గ్రేట్ కదిలే బాయిలర్ ఉంటేనే తీసుకోండి, నేను అలాంటిదానికి మారాకే తేరుకున్నా.

రెండోసారి తెప్పించింది పిండిన రకం, ఇది చాలా నయం. జర్మనీలో కాసెల్ యూనివర్సిటీ వాళ్లు డెవలప్ చేసిన పద్ధతి, సైలేజ్ గడ్డిని (గాలి తగలకుండా మాగబెట్టిన పచ్చిగడ్డిని) గోరువెచ్చటి నీళ్లలో కలిపి స్క్రూ ప్రెస్‌లో పిండుతారు, పొటాషియం, క్లోరిన్ చాలావరకు రసంతో పోతాయి, ఆ రసంతో బయోగ్యాస్ తీస్తారు, మిగిలిన పిప్పిని ఎండబెట్టి బ్రికెట్లు కొడతారు.

ఇంత తంటా ఎందుకు, కట్టెలే కాల్చుకోవచ్చుగా అంటారేమో. ఈ గడ్డి వచ్చే రక్షిత మైదానాలని కోయకుండా వదిలేస్తే తుప్పలు, తర్వాత చెట్లు వచ్చేస్తాయి, కోసి అక్కడే పడేస్తే అది కుళ్లి నేలకి బలం ఎక్కువై నాలుగైదు రకాల మొండి గడ్డే పైకొచ్చి పూలమొక్కల్ని తొక్కేస్తుంది. అంటే కోయాలి, బయటికి మోయాలి కూడా. అదీ నేలమీద గూడు పెట్టే పక్షుల పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి కోయాలి, అప్పటికి గడ్డి ముదిరి పీచైపోతుంది, పశువులకి బలం రాదు, నేరుగా బయోగ్యాస్ ట్యాంకులో వేసినా గ్యాస్ తక్కువే. కాల్చడానికి మాత్రం ఆ ముదురు గడ్డే మేలు, ఎందుకంటే ముదిరేకొద్దీ పొటాషియం, నైట్రోజన్ తగ్గుతాయి! నాకు ఈ మాట తెలిశాక బూడిద ఎత్తడం బరువనిపించలేదు నిజంగా. పిట్టపిల్లలు ఎగిరాక కోసిన గడ్డే పొయ్యికీ మంచిది. జర్మనీలోనే మాల్షిన్ అనే ఊళ్లో చిత్తడి నేలల గడ్డితో నడిచే హీటింగ్ ప్లాంట్ 2014 నుంచి ఉంది, కాబట్టి పెద్ద స్థాయిలో కూడా కుదిరే పనే.

అయిదుకి నాలుగు ఇస్తున్నా. ఒకటి తగ్గించింది బూడిదకి కాదు, మూట మీద ఎప్పుడు కోశారో రాయనందుకు. మొదటి మూట అమ్మినవాళ్లని అడిగితే జవాబే లేదు. గిరాకీ పెరిగిందని ఎరువులు చల్లి, గూళ్లలో పిల్లలుండగానే ముందుగా కోసేస్తే ఇక ఇది కొనడంలో అర్థమే లేదు కదా, అందుకే కొనేవాళ్లందరూ కోత తేదీ అడగండి, కొంత గడ్డి కోయకుండా వదిలారా అని కూడా అడగండి, పురుగులు, సీతాకోకలు తలదాచుకునేది అందులోనే. వచ్చే చలికాలానికి పిండిన రకమే మళ్లీ ఆర్డర్ పెట్టా, ఈసారి కోత తేదీ రాసి పంపితేనే లోడ్ దింపుకుంటానని చెప్పా.