చెస్ రేటింగ్ పెరగాలంటే: కోర్సా, కోచా, సొంత సాధనా?

ఆన్‌లైన్‌లో 1000–1400 రేటింగ్ దగ్గర ఆగిపోయినవాళ్లు చాలామంది ముందుగా ఓ ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తులు నేర్పే) కోర్సు కొంటారు. నన్నడిగితే ఆ డబ్బు ఇప్పుడే పెట్టకండి. కోర్సు మీకు తెలియనిది చెబుతుంది గానీ, మీ ఆట ఎక్కడ చెడుతోందో దానికి తెలియదు.

ఇటాలియన్ గేమ్ అనే ఓపెనింగ్ కోర్సు పూర్తిచేసి తెల్లపావులతో ఆడుతున్నారనుకోండి. మూడో ఎత్తులో మీ బిషప్ సి4 గడికి వచ్చింది. నల్లవైపు నుంచి బిషప్ సి5 గానీ, నైట్ ఎఫ్6 గానీ వస్తుందని చదివారు. అవతలివాడు నైట్‌ని డి4లో పెట్టాడు. ఈ5 బంటుకు కాపలా లేదు, ఊరికే వస్తోందని నైట్‌తో కొట్టేస్తారు. వెంటనే అతని క్వీన్ జీ5కి దిగుతుంది. నైట్ ఎఫ్7 కొడితే క్వీన్‌కీ రూక్‌కీ ఒకేసారి గురిపెట్టినట్టు, ఫోర్క్ పడుతుందని సంబరపడతారు. ఈలోగా క్వీన్ జీ2 బంటును తినేస్తుంది. రూక్‌ని కాపాడుకుందామని ఎఫ్1కి జరిపితే ఇంకో రెండు ఎత్తుల్లో మీకే చెక్‌మేట్! నాలుగో ఎత్తులో ఆ డి4 నైట్‌నే కొట్టి ఉంటే హాయిగా మీదే పైచేయి.

ఇక్కడ కావలసింది ఇంకో ఓపెనింగ్ లైన్ కాదు, ‘బంటుని ఎందుకు వదిలేశాడు?’ అని ఒక్క క్షణం ఆగడం. ఆ అలవాటు పజిల్స్‌తోనూ, ఆడిన గేములు తిరిగి చూసుకోవడంతోనూ వస్తుంది. రెండూ లీచెస్ అనే చెస్ సైట్‌లో పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా ఉండవు. గేమ్ విశ్లేషణ అయ్యాక, మీరు తప్పు చేసిన చోటుకే మళ్లీ తీసుకెళ్లి, జవాబు చూపకుండా మంచి ఎత్తు వెతకమంటుంది. కాకపోతే ఒక్కొక్కరికి ఒకటి రెండు నిమిషాలే ఉండే బుల్లెట్ గేములతో ఇది పెద్దగా సాగదు. ఆలోచించడానికి టైమ్ ఉన్న గేములు ఆడాలి.

కోర్సు కొనాల్సిందే అనుకుంటే ఎండ్‌గేమ్‌ది (కొద్ది పావులే మిగిలిన ఆట చివరి దశది) కొనండి. లుసెనా, ఫిలిడోర్ లాంటి రూక్ ఎండింగ్‌ల పద్ధతి ఎవరితో ఆడినా మారదు. ఒకసారి పట్టు దొరికితే జీవితాంతం పనికొస్తుంది. చెసబుల్ లాంటి ఆన్‌లైన్ చెస్ కోర్సుల సైట్లలో నేర్చుకున్న ఎత్తుల్నే కొన్ని గంటలకు, తర్వాత రోజులకు, వారాలకు మళ్లీ అడుగుతారు. ఇలాంటి పాఠాలకు ఆ పద్ధతి బాగా కుదురుతుంది.

కోచ్ సంగతి వేరు. గ్రాండ్‌మాస్టర్ హంపికి తండ్రి కోనేరు అశోక్ గారే గురువు. ప్రపంచ టైటిల్ గెలిచిన గుకేశ్‌ని కోచ్ విష్ణు ప్రసన్న చాలాకాలం ఇంజిన్ (మంచి ఎత్తులు లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్) ముట్టుకోనివ్వలేదు, సొంతంగా ఆలోచించడం అలవడాలని. ‘ఈ ఎత్తు ఎందుకు వేశావ్?’ అని నిలదీసి, మీ జవాబు విని సరిదిద్దడం వీడియో వల్ల అయ్యే పని కాదు. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) టోర్నమెంట్లు ఆడే పిల్లలుంటే మిగతా ఖర్చులు తగ్గించుకునైనా కోచ్‌ని పెట్టండి. ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్లకు నెలకో క్లాసు చాలు. ఆ క్లాసుకి ఓడిపోయిన గేములే తీసుకెళ్లండి. ఇంజిన్ పెట్టకముందు, ఏ ఎత్తు దగ్గర ఏమనుకున్నారో పక్కనే రాసి ఉంచండి.