గుర్రం పుస్తకం కొనే ముందు ఏ పేజీ తెరిచి చూడాలి?

అట్ట మీద జూలు ఎగరేస్తూ తెల్లగుర్రం దౌడు తీస్తుంటే చాలు, పుస్తకం సంచిలో పడిపోతుంది. లోపలి గుర్రానికి ఆకలి, జబ్బు, బెదురు ఉన్నాయో లేదో చూసేవాళ్ళు తక్కువ. పిల్లల చేతుల్లో ఏళ్ళ తరబడి నలిగి, మళ్ళీ మళ్ళీ అడిగించుకున్నవి మాత్రం అవి ఉన్న పుస్తకాలే.

వాటిలో మొదటిది అన్నా సూయెల్ 1877 నవల ‘బ్లాక్ బ్యూటీ’. గుర్రమే తన కథ చెప్పుకుంటుంది. అధ్యాయాలు పొట్టివి, మొత్తం 49. రాత్రికి రెండు చొప్పున చదివినా నెల లోపే అయిపోతుంది. చిక్కల్లా కుదించిన ప్రతులతోనే. అట్ట మీద ఆ సంగతి ఒక్కోసారి కనిపించదు కాబట్టి విషయసూచికలో లెక్క చూడండి. 49 లేకపోతే అది కుదించిందే. తర్వాత 25వ అధ్యాయం తెరవండి. లాడం మేకు వదులైనా పట్టించుకోకుండా, తాగిన మనిషి గుర్రాన్ని రాళ్ళదారిలో దౌడు తీయిస్తాడు. లాడం ఊడిపోతుంది, గిట్ట చీలుతుంది, గుర్రం మోకాళ్ళ మీద కూలబడుతుంది. ఆ మచ్చలతోనే దాని ధర పడిపోయి తరచూ చేతులు మారడం మొదలవుతుంది. ‘జారి పడింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేసిన ప్రతిలో, ఇంత మంచి గుర్రాన్ని ఎందుకు అమ్మేశారని పిల్లలు అడుగుతారు. జవాబు ఆ పుస్తకంలో ఉండదు.

40వ అధ్యాయంలో జింజర్ అనే గుర్రం చావు ఉంది. దాన్ని తీసేసిన ప్రతి కొనకండి. ఎనిమిదేళ్ళ పిల్లలకైతే పక్కన కూర్చుని చదవాలి, పదేళ్ళు దాటితే ఒంటరిగా చదువుకోగలరు. ఒక దిద్దుబాటు మాత్రం నోటితో చెప్పాలి. 18వ అధ్యాయంలో పరుగెత్తి వచ్చి చెమటలు కక్కుతున్న గుర్రానికి చన్నీళ్ళు తాగిస్తే జబ్బు చేస్తుంది. అది ఆ కాలపు నమ్మకం. అలసిన గుర్రాన్ని నీళ్ళు తాగనివ్వాలనే ఇప్పటి పశువైద్యులు చెబుతారు.

ఆ తర్వాత మార్గరీట్ హెన్రీ పుస్తకాలు రెండు. అమెరికాలో వర్జీనియా తీరంలోని దీవుల పోనీల (పొట్టిజాతి గుర్రాల) కథ ‘మిస్టీ ఆఫ్ చింకటీగ్’ (1947) ఎనిమిదేళ్ళవాళ్ళకు హాయిగా సాగుతుంది. ‘కింగ్ ఆఫ్ ది విండ్’ (1948) ఇంకా చిక్కనిది. మొరాకో నుంచి పారిస్ మీదుగా ఇంగ్లండ్ చేరిన గుర్రం, మాటలు రాని కుర్రాడు. గిట్ట పైన తెల్లమచ్చ అదృష్టమని, రొమ్ము మీద గోధుమ కంకిలాంటి సుడి అరిష్టమని ఇందులో చెబుతారు. సుడులు చూసి ఎడ్లను బేరమాడే ఊళ్ళ పిల్లలకు ఇది ఇట్టే అందుతుంది. ఆ గుర్రం గోడోల్ఫిన్ అరేబియన్. మలక్‌పేట పందేల్లో పరుగెత్తే థారోబ్రెడ్ (పందెపు జాతి గుర్రం) ఏదైనా సరే, దాని తండ్రుల వరుస దీనితో కలిపి మూడు మగగుర్రాల్లో ఒకదాని దగ్గరికే చేరుతుంది. అయితే కథలో కల్పన పాలు చాలా ఎక్కువ, దాన్ని చరిత్రగా చదివించకండి.

ఇక అమ్మాయి, పోనీ, పోటీ, చివర్లో బహుమతి అనే వరుస పుస్తకాలు. చదువు అలవాటు కావడానికి పనికొస్తాయి, అంతవరకే. కొనే ముందు పిల్ల గుర్రమెక్కే పేజీ తీయండి. తలకు హెల్మెట్ ఉందా? జీను పట్టీ బిగువు చూసుకుందా? మేత పేజీ ఇంకా ముఖ్యం. పోనీకి అడిగినంత పచ్చగడ్డి, గింజలు పెట్టి ముద్దు చేసే కథ తప్పు నేర్పుతుంది. తిండి ఎక్కువైతే పోనీలకు గిట్టల లోపల వాపు వచ్చి అడుగు వేయలేవు. గుర్రానికి వాంతి కూడా రాదు, తిన్నది పడకపోతే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది.

బొమ్మలకూ ఒక పరీక్ష ఉంది. దౌడులో ముందుకాళ్ళు ముందుకి, వెనకకాళ్ళు వెనక్కి బారజాపి గాల్లో తేలే గుర్రాన్ని గీశారంటే చిత్రకారుడు గుర్రాన్ని చూడలేదన్నమాట. నాలుగు గిట్టలూ నేల విడిచేది కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడని 1878లోనే ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసిన ఫొటోలు తేల్చాయి. గుర్రపు జాతుల పుస్తకమైతే మార్వాడీ గుర్రం పేజీ తీయండి. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకేలా లేకపోతే, ఆ పేజీకి వేరే జాతి బొమ్మ అతికించారని అనుమానించవచ్చు.