ఎనుమాముల పట్టాల దుకాణంలో తెరచాప కవర్

మాది పరకాల. మస్కట్‌లో ఒకాయన తెరచాప పడవ చూసుకునే పని నాది, 38 అడుగులది. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఓనర్ ముసందం (ఒమాన్ ఉత్తరం కొస) దిక్కు తిరుగుతడు. ఎండలు ముదిరినంక పడవను గట్టు మీదికి లేపుతం. అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకుడు, పెయింట్ వేసుడు, పడవ లోహ భాగాలు పాడుగాకుండ బిగించే, ఉప్పు నీళ్లకు అరిగిన జింకు ముక్కలు మార్చుడు అంతా అప్పుడే. ఈసారి తెరచాప మీద కప్పే కవర్ చూస్తే గుడ్డ గట్టిగనే ఉంది గని, వేలు పెట్టి లాగితే కుట్లు పటపట తెగుతున్నయి. ఎండకు గుడ్డ కంటే ముందు దారమే పోతది. అక్కడి కుట్టు కూలి విన్నంక దాన్ని కడిగి, ఆరబెట్టి, మేలో సెలవుకు వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చిన.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ రోడ్డు మీద లారీ పట్టాలు కుట్టే దుకాణం, బోర్డు గిట్ల లేదు. కాకా రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసిండు.

"ఏంది బిడ్డా ఇది, ఒంటెకు తొడుగుతరా?"

ఫోన్ల ఫొటో చూపిచ్చిన. "అట్లనా, లారీ పట్టా లెక్కనే. లూజుంటే గాలికి కొట్టుకొని కొట్టుకొని అదే చినుగుతది" అన్నడు. సముద్రం ఎన్నడూ చూడని మనిషి. తాడు రాసుకొని నూగు లేచిన మూడు జాగలు నేను చెప్పకముందే పట్టి, రెండు పొరల అతుకు వేసిండు. అక్కడ మాకు ఎవ్వరూ ఆ అతుకులు వేయలే.

సూది కాడ మాత్రం లొల్లి అయింది. పట్టాలకు వాడే లావు సూదితో కుడితే రంధ్రం పెద్దగైతది, దారం దాన్ని నింపదు, వాన నీళ్లు దిగుతయి. నేను తెచ్చిన పాలిస్టర్ దారానికి 18 నంబర్ సూది పెట్టమన్న. నాలుగుసార్లు దారం తెగింది. ఆయన గొణుక్కుంట టెన్షన్ మర వదులు చేసి, చింపిరి గుడ్డ మీద ఒక జానెడు కుట్టి, గోరుతో గీకి చూసి, ఇగ ఆగలే. అంచు లోపలికి మడిచి రెండు వరుసలు, నూలు పట్టినట్టు సూటిగ.

తప్పులున్నయి. నాలుగు రోజులన్నది పదకొండు రోజులైంది. యాసంగి వడ్లు, పైన అకాల వాన, రైతులంతా పట్టాల కోసం ఆయన మీదనే పడ్డరు. నేను టికెట్ పట్టుకొని రోజూ తిరిగిన. ఐలెట్లు (తాడు దూర్చే రింగులు) రెండు తక్కువైతే తనవే కొట్టిండు, ఇనుపవి. మస్కట్‌ల రెండు నెలలకే తుప్పు చారలు. ఇత్తడివి లెక్క కంటే ఎక్కువ తెచ్చుకోవాల్సింది నేనే. మార్కర్ గీతలు ఇప్పటికీ పోలే.

కూలి 1,900 రూపాయలు, అతుకులకు పైస తీసుకోలే. అట్లని తెరచాపనే తీస్కపోకుండ్రి. దానికి జిగ్‌జాగ్ కుట్టు కావాలె, ఈ మిషన్‌ది సూటి కుట్టే.

దుకాణంల మిర్చి ఆరబోసిన పట్టాలు రిపేరుకు వచ్చి ఉండె, ఆ దుమ్ము దీనికీ అంటింది. మస్కట్‌ల కవర్ విప్పినప్పుడు ఓనర్ వరుసపెట్టి తుమ్మిండు. "ఏ ఊళ్ల కుట్టించినవ్?" అని ఆయన అడుగుతుంటే నాకు నవ్వాగలే. వచ్చే మేలో స్టీరింగ్ చక్రం కవర్ పట్టుకపోత. కాకాకు ముందే ఫోన్ చేసిన. వడ్లు ఒడిసినంక రమ్మన్నడు.